చేసింది తెలిసి ఉండటం
(కనుమ రోజున జరిగిన మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

కమిటీవారు నాకిచ్చిన విషయం ‘పండగ రోజుల్లో కృతజ్ఞత’. ఇచ్చిన టైము ఇరవై నిమిషాలు. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీర్నండి. మాకు మాట్లాడటం కన్నా కొలవడం అలవాటు. అందుకని మాటలు తక్కువ, లెక్కలు కొంచెం ఎక్కువ ఉంటే సర్దుకోండి. సాయంత్రం జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేవాళ్లు అప్పుడే గడియారాలు చూసుకుంటున్నారు, నాకు ఇక్కణ్ణుంచి కనబడుతోంది. టైము దాటనివ్వను.

ముందు మాట సంగతి చూద్దాం. మన తెలుగు మాష్టారు ఏ పాఠం మొదలుపెట్టినా పదం విడగొట్టకుండా ముందుకు వెళ్లేవారు కాదు. ఆ అలవాటు కొద్దీ నేనూ విడగొట్టాను. కృతం అంటే చేసినది. కృతజ్ఞుడు అంటే చేసినది తెలిసినవాడు. ఇందులో దణ్ణం పెట్టడం లేదు, దండ వెయ్యడం లేదు, కనీసం నోటితో చెప్పడం కూడా లేదు. తెలిసి ఉండటం, అంతే. నాకు ఎవరు ఏం చేశారో నాకు తెలియాలి. తెలిస్తే మిగతావి వాటంతట అవే వస్తాయి. తెలియకపోతే ఎన్ని థాంక్సులు చెప్పినా అవి గాల్లోకి పోతాయి.

మన ఇళ్లలో థాంక్స్ చెప్పే అలవాటు లేదని అమెరికా నుంచి వచ్చిన మన పిల్లలు ఆశ్చర్యపోతుంటారు. అమ్మ కంచంలో అన్నం వడ్డిస్తే ‘థాంక్సమ్మా’ అంటే అమ్మ కంగారుపడుతుంది. వీడికి ఏమైంది, నేనేమన్నా పరాయిదాన్నా అనుకుంటుంది. మనవాళ్లు ఇంకో రకంగా చెబుతారు. ‘నీ కడుపు చల్లగా’ అంటారు. ‘మీ రుణం తీర్చుకోలేనిదండి’ అంటారు. పెద్దాయన కాలు జాపుకుని కూర్చుంటే మాట్లాడకుండా మంచినీళ్ల గ్లాసు పక్కన పెడతారు. మాట లేకపోయినా మనసులో లెక్క ఉండేది. ఇవాళ నాకున్న బెంగ ఏమిటంటే, మాట ఎలాగూ లేదు, ఇప్పుడు ఆ లెక్క కూడా తప్పిపోతోంది. ఎవరు చేస్తున్నారో తెలియకుండానే మన పనులన్నీ జరిగిపోతున్నాయి.

మన పెద్ద పండగ అసలు ఆ లెక్క చూసుకోవడానికే పెట్టారేమో అనిపిస్తుంది. భోగి నాడు పాతది తీసేస్తాం. సంక్రాంతి నాడు పోయిన పెద్దలను తలుచుకుంటాం, వాళ్ల పేరు చెప్పి బట్టలు పెడతాం. కనుమ నాడు ఎడ్లని, ఆవుల్ని కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో గంటలు కట్టి, ఆ రోజు కాడి ఎత్తకుండా ఉంచుతాం. చూరుకి వరికంకుల కుచ్చులు కడతాం, పిచ్చికలు తింటాయని. తెల్లారకుండా వచ్చిన హరిదాసు గారి అక్షయపాత్రలో పిల్లల చేత బియ్యం పోయిస్తాం. అంతకు ముందే కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి మేర తీసేవారు. మేర అంటే దానం కాదండి. ఏడాదంతా చేసిన పనికి వాళ్లకు రావలసిన వాటా. ఆ రోజుల్లో అంతా బాగుండేదని నేను అనను. మేర తీసిన చెయ్యి ఎక్కడుండేదో, పుచ్చుకున్న మనిషి ఎంత దూరంలో నిలబడేవాడో మనకందరికీ తెలుసు. అయితే ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. గింజ ఇంటికి రావడానికి ఎవరెవరు చెయ్యి వేశారో కళ్లం దగ్గర రైతుకి తెలిసేది. మనిషీ, పశువూ, పిట్టా కూడా ఆ లెక్కలో ఉండేవి.

ఇప్పుడు మన ఊళ్లో ఎడ్ల జతలు ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దున్నేది ట్రాక్టరు. కోసేది మిషను. ఆ మిషను నడిపే కుర్రాడు ఎక్కడివాడో మనకు తెలియదు. నాట్లకు పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. మోకాలి లోతు బురదలో రోజంతా వంగి నాటు వేసి, రాత్రి మన పాత పాకల్లో పడుకుని, పని అయిపోగానే రైలెక్కి వెళ్లిపోతున్నారు. చేసేవాళ్లు మారారు, పండగలో మనం తలుచుకునే జాబితా మాత్రం మారలేదు. ఎడ్లకు రంగులు వెయ్యడం మానమని నేను చెప్పడం లేదు. అవి ఉన్న ఇంట్లో తప్పకుండా వెయ్యాలి. ఆ జాబితాకి కింద నాలుగు వరసలు కలపాలంటున్నాను.

కలపాలంటే తెలియాలి కదండీ. అందుకని నా వృత్తిలో నాకు తెలిసిన ఒక వరస మీ ముందు పెడతాను. ఇప్పుడు ఈ బడి వెనక పొలాల్లో దాళ్వా నాట్లు పడుతున్నాయి. మీరంతా వస్తూ చూసే ఉంటారు. ఆ మడిలో నీళ్లు ఎక్కడివి? ‘కాలవ్వి’ అంటారు. కాలవకి ఎక్కడివి? ‘గోదారివి’ అంటారు. సరే. సార్వాకి అయితే ఆ జవాబు సరిపోతుంది, వానాకాలం గోదారి నిండుగా ఉంటుంది. జనవరిలో గోదారిలో సహజంగా వచ్చే నీరు చాలా తక్కువ. డెల్టా మొత్తం దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. దాళ్వాకి ఆ నీరు చాలదు. మరి మిగతాది ఎక్కణ్ణుంచి వస్తోంది?

వెనక్కి నడుద్దాం రండి. మడి నుంచి పంట బోదె. బోదె నుంచి కాలవ. ఆ కాలవ మన లంక మీదకు రావాలంటే వైనతేయ పాయ దాటాలి, గన్నవరం అక్విడెక్టు మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలవ. పాతది లెఫ్టినెంట్ హేగ్ కట్టించినది. పక్కన కొత్తగా కట్టినదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ ఆ గన్నవరంలోనే ఉండి, వేళకాని వేళ తలుపు తట్టినవాడికి కూడా అన్నం పెట్టిన తల్లి. నీటి వంతెనకి అన్నం పెట్టినావిడ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మనిషికి నా దణ్ణం.

అక్విడెక్టు నుంచి పైకి వెళితే లొల్ల లాకులు, అక్కణ్ణుంచి బొబ్బర్లంక హెడ్ స్లూయిస్, అక్కడ బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు ముక్కలూ కలిపి 175 గేట్లు. ఆ పైన పాపికొండలు. ఆ పైన కూనవరం దగ్గర శబరి గోదారిలో కలుస్తుంది. శబరిలో కలిసేది సీలేరు. ఆ సీలేరు మీద ఏజెన్సీ కొండల్లో జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. అక్కడ టర్బైన్లు తిప్పి వదిలిన నీరు కొండలు దిగి, నదులు మారి, కొన్ని రోజుల తర్వాత మన మడిలోకి వస్తోంది. అంటే ఈ నిమిషంలో మోతుగూడెం పవర్‌హౌస్‌లో కనుమ డ్యూటీలో కూర్చున్న ఆపరేటరు ఎవరో ఉన్నాడు. అతనికి మన ఊరి పేరు తెలియదు. మనకు అతని పేరు తెలియదు. మన నాటు మాత్రం అతని చేతి మీదుగా వస్తోంది.

ఇంకా పైకి వెళితే ఆ జలాశయాల కింద మునిగిన ఊళ్లున్నాయి. బ్యారేజీకి ఎగువన పోలవరం కింద ఖాళీ అవుతున్న ఊళ్లున్నాయి. వాళ్లు ఇళ్లు వదిలారు, పొలాలు వదిలారు, గుడి వదిలారు, తాతల్ని పాతిపెట్టిన చోట్లు వదిలారు. ఎవరు ఏం చేశారో తెలిసి ఉండటమే కృతజ్ఞత అయితే, ఎవరు ఏం పోగొట్టుకున్నారో తెలిసి ఉండటం కూడా అందులో భాగమే. ఆ వాటా కలపకుండా నీటి లెక్క పూర్తవదు.

కాటన్ దొర సంగతి మీకు చెప్పాల్సిన పని లేదు. 1833 కరువు, 1839 ఉప్పెన చూసిన ఈ నేల మీద 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఊరూరా విగ్రహాలున్నాయి, మే 15న దండలు వేస్తాం. గోదారి స్నానం సంకల్పంలో ఆయన పేరు చెప్పిన పండితులు ఉండేవారని పెద్దలు చెప్పుకుంటారు. వందేళ్లు దాటినా ఒక మనిషిని మరిచిపోకుండా ఉన్నందుకు మన జిల్లాలవాళ్లం గర్వపడొచ్చు. మధ్యలో 1848లో ఆయనకు ఒంట్లో బాగాలేక సెలవు మీద వెళితే పని ఆగకుండా నడిపించినవాడు కెప్టెన్ ఓర్. ఈయన పేరు ఎంతమంది విన్నారు? వీణెం వీరన్న గారి పేరు కొంతమంది విని ఉంటారు. ఆ పైన వేల మంది కూలీలు నదిలో దిగి రాళ్లు మోశారు. వాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా లేవు. ఒక విగ్రహం పెట్టడం తేలిక. దాని వెనకున్న వరసంతా గుర్తుపెట్టుకోవడం కష్టం. విగ్రహం పెట్టాక చాలాసార్లు మనం ఆ వరస మరిచిపోతాం కూడా.

ఆ వరసలో అన్నిటికన్నా చివర, అంటే మనకు అన్నిటికన్నా దగ్గర ఉండే మనిషి లస్కరు. తూము తలుపు తిప్పేవాడు. బ్యారేజీలో ఎంత నీరున్నా, చివరికి మీ బోదెలోకి రావాలంటే అతను మర తిప్పాలి. దాళ్వాలో నీరు చాలదు కాబట్టి వంతుల వారీగా ఇస్తాం. వంతు మారిన రాత్రి ఎగువనున్నవాళ్లు కాలవలో అడ్డుకట్టలు వేస్తారు, శివారుకి నీరు వెళ్లదు. అందుకని రాత్రిళ్లు కాపలా ఉండాలి.

కొన్నేళ్ల కిందట భోగి ముందు రోజు రాత్రి నేను కాలవ గట్టు మీద తిరుగుతుంటే ఒక రెగ్యులేటరు దగ్గర లస్కరు దుప్పటి కప్పుకుని, పక్కన టార్చిలైటు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మంచు కురుస్తోంది. ‘ఏం బాబాయ్, పండక్కి ఇంటికెళ్లలేదా?’ అన్నాను. ‘నేనెళ్తే శివారుకి నీరెళ్లదండి బాబూ. పండగ రేపు కూడా ఉంటదండి. వంతు ఇవాళ్టితో అయిపోద్ది’ అన్నాడు. నేను సర్వీసులో చాలా మాన్యువల్స్ చదివాను. నీటి పంపిణీ గురించి ఇంత తక్కువ మాటల్లో ఇంత బాగా రాసినది ఏదీ కనబడలేదు. ఈ సంచికలో మీ పేరు రాస్తాను బాబాయ్ అని మొన్న అడిగాను. ‘నా పేరెందుకండి, నీరొచ్చింది కదా’ అన్నాడు. ఆయన మాట ప్రకారం రాయడం లేదు. ఊళ్లో మాత్రం ఆయన్ని ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ‘ఏవయ్యా లస్కరూ’ అనే పిలుస్తారు. ఫోనుల్లో కూడా ‘లస్కర్’ అనే ఉంటుంది. పేరు అడిగి పెట్టుకోవడానికి అర నిమిషం పడుతుంది.

మా ఉద్యోగంలో ఒక విచిత్రం ఉందండి. నీరు రాకపోతే ఫోన్లు వస్తాయి. పొద్దున్న ఐదింటికి వస్తాయి, అర్ధరాత్రి వస్తాయి, సర్పంచి గారి దగ్గర్నుంచి మంత్రి గారి ఆఫీసు దాకా వస్తాయి. నీరు వస్తే ఒక్క ఫోను కూడా రాదు. పని సరిగ్గా జరుగుతున్నంతసేపూ అది ఎవరికీ కనబడదు. ఇది మా శాఖకే కాదు. కరెంటు లైన్‌మేనూ అంతే, పండగ రద్దీలో ఆర్టీసీ బస్సు నడిపే డ్రైవరూ అంతే, రోజూ వంట చేసే ఇల్లాలూ అంతే. ఉప్పు ఎక్కువైన రోజే వంట గురించి మాట వస్తుంది.

ముప్పై ఏళ్లు దాటిన నా సర్వీసులో ఒకే ఒక్క ఫోను వేరేగా వచ్చింది. శివారు రైతు, పెద్దావిడ. ‘నీరొచ్చిందండి’ అంది. ‘ఇంకేం కావాలమ్మా?’ అన్నాను, అలవాటు కొద్దీ. ‘ఏమొద్దు బాబూ, వచ్చిందని చెబుదామని చేశాను’ అంది. అంతే, పెట్టేసింది. ఆ ఫోను నా నంబరుకి వచ్చింది గానీ నాది కాదని నాకు తెలుసు. కింద పనిచేసిన అసిస్టెంట్ ఇంజనీరుకి చెప్పాను, వర్క్ ఇనస్పెక్టరుకి చెప్పాను, సైకిలు ఆపి లస్కరుకి చెప్పాను. ఒక పెద్దావిడ చెప్పిన రెండు మాటలు నలుగురికి వారం రోజులు సరిపోయాయి. పైసా ఖర్చు లేదు. ఇంజనీరుగా చెబుతున్నాను, ఇంత తక్కువ పెట్టుబడికి ఇంత దిగుబడి ఇంకెక్కడా లేదు.

నేను ఈ శాఖకి ఎందుకు వచ్చానో మా బ్యాచ్ వాళ్లకి తెలుసు, మిగతావాళ్లకి చెప్పాలి. 1986 ఆగస్టు. అప్పటికి నేను బడి దాటి ఇంటర్ చదువుతున్నాను. 16వ తేదీన ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇప్పుడు 17 లక్షలకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తాం, అంటే దానికి రెట్టింపు. ఆ వరదలో చాలా చోట్ల గట్లు తెగాయి. మన ఊరి దగ్గర గట్టు జారడం మొదలైంది. ఆడవాళ్లని, పిల్లల్ని, ముసలివాళ్లని ఈ బళ్లోకి చేర్చారు. హెడ్మాష్టారు తాళాలు తీయించి, బెంచీలు ఒకదాని మీద ఒకటి పేర్పించి, గదికి ఇన్ని కుటుంబాలని సర్దారు. మా నాయనమ్మ తొమ్మిదో తరగతి గదిలో బల్లల మీద పడుకుంది. మగవాళ్లు రాత్రంతా గట్టు మీద ఇసక బస్తాలు వేశారు. మన ఊరివాళ్లే కాదు, పక్క ఊళ్లవాళ్లు పడవల మీద వచ్చారు. నేనూ మోశాను గానీ, నాకు ముందు నలభై మంది, నాకు వెనక నలభై మంది. లాంతరు వెలుగులో మొహాలు కనబడలేదు. చేతులు మాత్రం తెలిశాయి. ఎవరి చేతిలోంచి బస్తా అందుకున్నానో, ఎవరి చేతికి అందించానో నాకు ఇప్పటికీ తెలియదు. గట్టు నిలిచింది. తెల్లవారేసరికి వచ్చినవాళ్లు వాళ్ల ఊళ్ల సంగతి చూసుకోవడానికి వెళ్లిపోయారు.

మన ఇళ్లు, మన సర్టిఫికెట్లు, మన పశువులు, అసలు ఇవాళ ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందిమి ఆ చేతుల వల్ల ఉన్నాం. వాళ్లకి ఎలా తిరిగి ఇవ్వాలి? పేర్లే తెలియవు. నాకు తోచిన దారి ఒక్కటే, గట్టు చూసుకునే పనిలో చేరడం. నా జీతం గవర్నమెంటు ఇస్తుంది కాబట్టి ఇందులో నేను చేసిన త్యాగం ఏమీ లేదు. కానీ వానాకాలం రాత్రిళ్లు గట్టు మీద నడుస్తున్నప్పుడు ఎవరి బాకీ తీరుస్తున్నానో నాకు తెలుసు.

ఇక ఆచరణ సంగతికి వస్తాను, ఎందుకంటే కమిటీవారు ‘రోజూ చేసేలా ఏదన్నా చెప్పండి’ అన్నారు.

2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైకేల్ మెక్‌కల్లో అని అమెరికాలో ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఒక పరిశోధన ప్రకటించారు. కొంతమంది విద్యార్థుల చేత వారానికోసారి తమకు జరిగిన మేళ్లు ఐదు దాకా రాయించారు. ఇంకొంతమంది చేత చికాకులు రాయించారు. మేళ్లు రాసినవాళ్లు తమ జీవితం గురించి ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. మంచిదే. నేను రాసే పుస్తకం మాత్రం నా మనశ్శాంతి కోసం కాదు. మా శాఖలో ప్రతి గేజి దగ్గరా రిజిస్టరు ఉంటుంది, రోజూ నీటి మట్టం రాస్తారు. రాయకపోతే మట్టం ఎప్పుడు తగ్గిందో తెలియదు. అదే పద్ధతిలో నేను రాత్రి పడుకునే ముందు ఒక్క వాక్యం రాస్తాను. ఎవరు, ఏం చేశారు. ‘దేవుడు మంచి రోజు ఇచ్చాడు’ లాంటివి రాయకూడదని నియమం పెట్టుకున్నాను. మనిషి ఉండాలి, పని ఉండాలి. ‘మెడికల్ షాపు కుర్రాడు షాపు మూసేశాక కూడా మళ్లీ తాళం తీసి అమ్మ మందులిచ్చాడు.’ అలా. నెలకోసారి వెనక్కి తిప్పితే, ఒకే పేరు నాలుగుసార్లు కనబడుతుంది. ఆ మనిషి దగ్గరికి వెళ్లి చెబుతాను.

చెప్పేటప్పుడు కూడా పని పేరు పెట్టి చెప్పాలి. ‘మీరు చాలా మంచివారండి’ అంటే ఎదుటి మనిషి సిగ్గుపడి తల దించుకుంటాడు. ‘ఆ రాత్రి మీరు తాళం తియ్యకపోతే అమ్మకి చాలా ఇబ్బంది అయ్యేదండి’ అంటే అతనికి తన పని ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. మనిషికి ఆ మాట కావాలి.

మూడోది డబ్బు సంగతి. ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. కృతజ్ఞత జీతానికి బదులు కాదు. శాలువా కప్పి, మూడు నెలల జీతం ఆపితే, ఆ శాలువా కప్పినవాడికే అవమానం. ఇంట్లో పనిచేసే అమ్మాయికి పండక్కి చీర పెట్టడం మంచిది. ఆ నెల జీతం పండగకు ముందే ఇవ్వడం, పండగ రోజున సెలవివ్వడం అంతకన్నా మంచిది. కనుమ నాడు ఎడ్లకి మనవాళ్లు పెట్టిన మొదటి మర్యాద రంగులు కాదండి, విశ్రాంతి.

హైదరాబాదు, బెంగళూరు, డాలస్, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట. అక్కడ మీరు నిశ్చింతగా నిద్రపోతున్నారంటే, ఇక్కడ ఎవరో మీ అమ్మగారికి బీపీ మాత్ర గుర్తుచేస్తున్నారు. ఎవరో గ్యాస్ బండ మార్చి పెడుతున్నారు. నాన్నగారు కళ్లు తిరిగి పడితే ఎవరో ఆటో పిలిచి పెద్దాసుపత్రికి తీసుకెళుతున్నారు. తిరిగి వెళ్లే లోపు వాళ్లెవరో అమ్మని అడగండి. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి పది నిమిషాలు కూర్చోండి. చాక్లెట్ల డబ్బా కన్నా ఆ పది నిమిషాలు వాళ్లకి ఎక్కువ.

చివరిగా మన బడి. ఈ యాభై ఏళ్లలో మన సంఘం చేసిన మంచి పనులన్నీ కార్యదర్శి గారి నివేదికలో విన్నాం. స్వర్ణోత్సవం గుర్తుగా ముఖద్వారానికి ఆర్చి కట్టాలని కమిటీలో మాట వచ్చింది. ఎస్టిమేటు వేసిచ్చిందీ నేనే, కాబట్టి నేను ఆర్చికి అడ్డు కాదు. నా వృత్తిలో నేర్చుకున్న ఒక్క సంగతి మాత్రం సభ ముందు పెడుతున్నాను. కట్టడానికి దాతలు దొరుకుతారు, ఎందుకంటే కట్టినదానికి శిలాఫలకం ఉంటుంది. నడపడానికి దాతలు దొరకరు, ఎందుకంటే కుళాయి వాషరు మార్చినవాడికి ఏ ఊళ్లోనూ ఫలకం లేదు. కాలవకి ఏటా వేసవిలో నీరు కట్టేసి పూడిక తీస్తేనే మళ్లీ జూన్‌లో నీరు పారుతుంది. ఎంత గొప్పవాడు తవ్వించిన కాలవైనా అంతే.

మన చిన్నప్పుడు బెల్లు కొట్టిన బంట్రోతు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యలేదు. మంచినీళ్ల కుండలు నింపిన ఆయా ఎండాకాలంలో బావి అడుగంటితే చెరువు గట్టు దాకా వెళ్లి తెచ్చేది. ఇప్పుడు ఈ బళ్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలున్నారు. ఆ పథకానికి కూడా డొక్కా సీతమ్మ గారి పేరే పెట్టారు. వాళ్లకొచ్చేది కొద్దిపాటి గౌరవ వేతనం. మరుగుదొడ్లు కడిగే మనిషి ఉంది. రాత్రి కాపలా ఉండే మనిషి ఉన్నాడు. మన ఇవాళ్టి ఆహ్వాన పత్రికలో ముఖ్య అతిథులు, గౌరవ అతిథులు, ఆత్మీయ అతిథులు కలిపి పంతొమ్మిది పేర్లున్నాయి. వీళ్ల పేరు ఒక్కటీ లేదు. ఇది తప్పు పట్టడానికి చెప్పడం లేదు. అన్ని ఊళ్లలో, అన్ని పత్రికల్లో ఇలాగే ఉంటుంది. మనం మార్చగలం కాబట్టి చెబుతున్నాను.

నా విన్నపం రెండు ముక్కలు. ఒకటి, ఆర్చికి పోగైన ప్రతి రూపాయికి ఇంకో రూపాయి నిర్వహణ నిధిలో వేద్దాం. బ్యాంకులో డిపాజిట్టు చేద్దాం. వడ్డీతో కుళాయిలు, మరుగుదొడ్లు, నీళ్ల ఫిల్టరు, ఫ్యాన్లు చూసుకుందాం. నెలకొక బ్యాచ్ చొప్పున పన్నెండు బ్యాచ్‌లు వంతులు వేసుకుందాం. శివారు గది దాకా అన్నీ పనిచేస్తున్నాయో లేదో ఆ నెల ఆ బ్యాచ్ వాళ్లే వచ్చి చూడాలి. వంతులు నడపడంలో నాకు అనుభవం ఉంది, ఎవరు అడ్డుకట్ట వేసినా పట్టుకుంటాను.

రెండోది, ఒక పుస్తకం. హాజరు పట్టీ అంత పెద్ద పుస్తకం కొని గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించాను, పక్కన పెన్ను కట్టించాను. ఈ బడికి, ఈ ఊరికి, మీకు ఎవరు ఏం చేశారో అందులో రాయండి. మాష్టార్ల గురించి రాయండి, బంట్రోతు గురించి రాయండి, మీకు ఫీజు కట్టిన పక్కింటి పెద్దమ్మ గురించి రాయండి. పేరు, పని, తెలిస్తే సంవత్సరం. ఆ పుస్తకం బళ్లోనే ఉంటుంది. ఏటా కనుమ నాడు పిల్లల చేత పది పేర్లు చదివిద్దాం. ఉన్నవాళ్లుంటే పిలిచి ముందు వరసలో కూర్చోబెడదాం.

మొదటి పేజీలో నేను ఒక వరస రాశాను. ‘1986 ఆగస్టు. గట్టు మీద బస్తాలు మోసినవాళ్లు. పేర్లు తెలియవు. తెలిసినవాళ్లు కింద రాయగలరు.’ ఆ కింద పేజీ అంతా ఖాళీగా వదిలాను. ఈ సభలో పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రాత్రి అక్కడున్నవాళ్లు ఎవరైనా ఉంటే, భోజనాలకు వెళ్లే ముందు ఒక్క పేరన్నా రాసి వెళ్లండి.